నల్ల లాబ్రడార్ జంటకు ఫాన్ పిల్లలు: రంగు చూసి తండ్రిని చెప్పొచ్చా?

బుజ్జిగాడి_నాన్న: మా లాబ్రడార్ నలుపు, క్రాసింగ్ చేయించిన మగదీ నలుపే. మొన్న 7 పిల్లల్ని పెట్టింది: 4 నలుపు, 2 ఫాన్ (లేత పసుపు), 1 చాక్లెట్. మాట ప్రకారం మగకుక్క ఓనరుకు ఒక పిల్లనివ్వాలి. ఆయనొచ్చి చూసి, "ఫాన్‌వి మావాడివి కావు, మీది గేటు దాటింది" అన్నాడు. ఎదలో ఉన్నన్నాళ్లూ దాన్ని మేడ దిగనివ్వలేదండీ!

పాతికేళ్ల_కెన్నెల్: నలుపుకి నలుపు పడితే నలుపే రావాలి. నా దగ్గర ఈతలన్నీ అంతే. వీధికుక్క పనే.

సైన్సు_మేష్టారు: అన్నగారూ, మీ జంటల్లో ఒకటి కల్తీలేని నలుపై ఉంటుంది, అందుకే మీకలా వచ్చింది. లాబ్రడార్ రంగుకు ముఖ్యంగా రెండు జన్యువులు. ఒకటి నలుపో చాక్లెటో తేలుస్తుంది, నలుపు బహిర్గతం, అంటే ఒక్క ప్రతి (కాపీ) ఉన్నా అదే పైకి కనిపిస్తుంది. రెండోది ఆ రంగును వెంట్రుకలోకి రానిస్తుందా లేదా అన్నది. రంగును రానివ్వని కాపీ అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ వస్తేనే పిల్ల ఫాన్. చాక్లెట్‌నీ ఫాన్‌నీ లోపల దాచుకున్న రెండు నల్లకుక్కలు కలిస్తే 16 పాళ్లలో 9 నలుపు, 3 చాక్లెట్, 4 ఫాన్. ఏడు పిల్లల్లో లెక్క అచ్చంగా కుదరాలనేం లేదు.

సందేహాల_పుట్ట: ఒకే ఈతకు ఇద్దరు తండ్రులుండొచ్చుగా? నల్లవి ఆయన కుక్కవి, మిగతావి వీధిదానివి.

సైన్సు_మేష్టారు: ఉండొచ్చు. కానీ లాబ్రడార్లలో దాదాపు అన్నిటికీ ఇంకో బహిర్గత నలుపు జన్యువు రెండు ప్రతులూ ఉంటాయి, ఒకటి తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది. కాబట్టి వీధిలో గోధుమరంగు కుక్క కలిసినా పిల్లలు చాలావరకు నల్లగానే పుడతాయి. అనుమానపడాలంటే ముందు నల్లవాటినే అనుమానించాలి! ఫాన్‌కి తండ్రి కూడా రంగును రానివ్వని ఆ అంతర్గత (లోపల దాగుండే) ప్రతి ఇచ్చి తీరాలి. వీధికుక్కలోనూ అది ఉండొచ్చు, కాదనను. ఆయన కుక్క బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి డీఎన్ఏ పరీక్షకు పంపమనండి. ఆ ప్రతి లేకపోతే ఫాన్‌వి దానివి కావు, నేనే ఒప్పుకుంటా. ఉంటే మాత్రం ఆయన వాదనకు ఆధారం లేనట్టే.

పాతికేళ్ల_కెన్నెల్: మరి ఫాన్ జంటకు నల్లపిల్ల పుడితే?

సైన్సు_మేష్టారు: అప్పుడు గేటు దాటిందనే అనుకోవాలి.

బుజ్జిగాడి_నాన్న: అడిగాను. పరీక్ష వద్దట. ఫాన్‌వి తనవి కావట, చాక్లెట్‌ది మాత్రం ఇమ్మంటున్నాడు.

పాతికేళ్ల_కెన్నెల్: అదేంటయ్యా, నలుపుకి నలుపేగా పుట్టాలి? చాక్లెట్ తనదెలా అయిందట?