చిన్నపిల్లలు వచ్చే గ్రంథాలయం ఎలా ఉండాలి?

కాజీపేట అమ్మ: మా కాలనీలో గ్రంథాలయం కడుతున్నారు. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు. కమిటీవారు సలహాలు అడిగారు. మా బాబుకు మూడేళ్లు. మీ పిల్లలకు ఎక్కడ హాయిగా అనిపించింది, ఎక్కడ ఇబ్బంది కలిగింది?

ఇద్దరు బిడ్డల తండ్రి, హనుమకొండ: ముందు బాత్రూము గడియలు చూడండి. ఒక కార్యాలయంలో మా పాప లోపల గడియ పెట్టుకుంది. తుప్పు పట్టిన గడియ, తీయడం చేతకాలేదు. తలుపుకు చెవి ఆనించి మాట్లాడుతూనే ఉన్నాను. చివరికి వెంటిలేటర్ అద్దాలు తీసి ఒక అబ్బాయిని దించారు. ఇప్పటికీ బయట ఎక్కడికి వెళ్లినా తలుపు మూయనివ్వదు. బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి, దయచేసి.

అంగన్‌వాడీ టీచర్, జగిత్యాల: 95 సెంటీమీటర్ల కర్ర ఒకటి కోసుకుని భవనమంతా తిరగండి మేడమ్. మూడేళ్ల బిడ్డ ఎత్తు దాదాపు అంతే. నగరాలను చిన్నపిల్లలకు అనువుగా మలచడానికి వాన్ లీర్ ఫౌండేషన్ వారు నడిపే ‘అర్బన్95’ కార్యక్రమానికి ఆ పేరు అలాగే వచ్చింది.

సైట్ ఇంజినీరు, మంచిర్యాల: టీచర్ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కిటికీ గట్టు మామూలుగా మూడడుగుల ఎత్తున, అంటే 91 సెంటీమీటర్ల దగ్గర పెడతాం. ఆ బిడ్డ కళ్లు అంతకన్నా కిందే ఉంటాయి. ఒక్క కిటికీనైనా అడుగున్నరకు దించమనండి.

కాజీపేట అమ్మ: పిల్లలు ఎక్కి పడిపోరా?

సైట్ ఇంజినీరు, మంచిర్యాల: గ్రిల్లుకు అడ్డ కమ్మీలు వద్దు, అవి నిచ్చెన మెట్లవుతాయి. నిలువు కమ్మీలు దగ్గరదగ్గరగా వేయించండి.

విశ్రాంత లైబ్రేరియన్, వరంగల్: శబ్దాన్ని మరచిపోకండి అమ్మా. నున్నటి గోడలు, పాలిష్ బండలు ఉన్న గదిలో పదిమంది పిల్లలు మాట్లాడితే ఆ మోతకు కథ వినబడదు. నేను పనిచేసిన చోట కథల గదిలో మన వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు పరిపించాను, ఒక గోడకు కూడా వేలాడదీశాం. మోత బాగా తగ్గింది, గొంతు పెంచే పని తప్పింది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత మన ఊళ్లోనే ఉండగా వేరే ఎక్కడో వెతకడం దేనికి?

కాజీపేట అమ్మ: అందరికీ కృతజ్ఞతలు. నిన్న బాబును తీసుకెళ్లి తూర్పు కిటికీ ముందు నిలబెట్టాను. వాడికి ఇటుకలే కనిపించాయి. ఎత్తుకుంటే అవతల వేపచెట్టు మీద ఉడుతను చూసి, దించనివ్వలేదు. మేస్త్రీ గారు కూడా చూశారు. ఆ కిటికీ కింద నాలుగు వరసలు తీసేస్తామన్నారు.