చికాగో: ఎండాకాలంలో గ్రాంట్ పార్క్‌ని టికెట్ షోలకి ఇవ్వడం కరెక్టేనా?

సౌత్‌లూప్_వాసి:
చికాగోలో ఉన్నవాళ్ళు మీ అభిప్రాయం చెప్పండి. ఇక్కడ చలి పోయి మనిషి బయట తిరిగేది గట్టిగా మూడు నాలుగు నెలలు. సరిగ్గా అప్పుడే డౌన్‌టౌన్‌లో సరస్సు పక్కనున్న గ్రాంట్ పార్క్ చుట్టూ కంచె లేస్తుంది. లోలపలూజా అనే పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్ 2005 నుంచి అక్కడే జరుగుతోంది, 2016లో నాలుగు రోజులు చేశారు, 2022లో ఇంకో పదేళ్ళకి ఒప్పందం కూడా అయిపోయింది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్న పొద్దున్నే ఆ పార్కులోని బకింగ్‌హామ్ ఫౌంటెన్ దాకా నడిచి, కాసేపు బెంచీ మీద కూర్చుని వస్తారు. కారు అక్కర్లేకుండా, నన్ను అడక్కుండా వాళ్ళు వెళ్ళగలిగే చోటు ఈ ఊళ్ళో అదొక్కటే. కంచె వేశాక అదీ లేదు. జనం పార్కుని టికెట్ పెట్టి అమ్మడం తప్పని నేనంటాను.

నేపర్‌విల్_పక్షి:
నాలుగు రోజులకి ఇంత గొడవా అన్నా? రోజుకి లక్ష మంది వస్తారు, హోటళ్ళు నిండుతాయి, ఊరి పార్కులు చూసుకునే పార్క్ డిస్ట్రిక్ట్‌కి అద్దె వస్తుంది. ఆ డబ్బు మిగతా పార్కులకి పనికొస్తుంది కదా.

మెట్రా_జనం:
ఆ వీకెండ్ సాయంత్రం యూనియన్ స్టేషన్‌లో సబర్బ్‌లకి వెళ్ళే బీఎన్‌ఎస్‌ఎఫ్ లైన్ రైలెక్కి చూడండి ఇద్దరూ. కాలు పెట్టే చోటుండదు. నాకింతే తెలుసు.

సౌత్‌లూప్_వాసి:
నాలుగు రోజులు కాదు!! అందరూ ఇదే పాట. స్టేజీలు కట్టడానికి ముందే మూస్తారు, అయ్యాక ఊడదీసేదాకా మూసే ఉంటుంది, ఒక్కో భాగం ఒక్కోసారి తెరుస్తారు, అన్నీ కలిపితే రెండు వారాలు దాటుతుంది. తెరిచాక గడ్డి ఉందా అంటే అదీ ఉండదు, వాన పడితే బురద, మళ్ళీ గడ్డి వేసి దాని చుట్టూ ఇంకో కంచె. 2023 నుంచి 2025 దాకా జులై 4 వీకెండ్‌కి నాస్కార్ రేసు కూడా పెట్టారు, అంటే జులై మొదట్లో కార్లకి, జులై ఆఖరు, ఆగస్టు మొదట్లో పాటలకి. రేసు 2026కి ఆపారు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం.

నేపర్‌విల్_పక్షి:
పార్కు మొత్తం ఒకేసారి మూయరు, నువ్వే ఒప్పుకున్నావ్ ఒక్కో భాగం అని. అసలు షో నాలుగు రోజులే. పెళ్ళికి షామియానా వేసి తియ్యడాన్ని కూడా పెళ్ళి రోజుల్లో లెక్కేస్తామా?

సౌత్‌లూప్_వాసి:
షామియానా మా వీధికి అడ్డంగా వేస్తే లెక్కేస్తాం.

లేక్‌గాలి:
రోజుల లెక్క పక్కన పెట్టండి. టేస్ట్ ఆఫ్ చికాగో అనే తిండి పండగ 1980 నుంచి ఉంది, లోపలికి టికెట్ లేదు, పిల్లల్ని తీసుకుని ఎవరైనా వెళ్ళొచ్చు. నాస్కార్ వచ్చిన 2023లో దాన్ని సెప్టెంబర్‌కి జరిపారు, స్కూళ్ళు తెరిచాక. డబ్బున్న షో వస్తే డబ్బు లేని షో పక్కకి జరగాల్సిందేనా? 1836లో ఆ నేల మ్యాపు మీదే రాశారు, ఇది ఎప్పటికీ జనానికి ఖాళీగా ఉండాలని. మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి 1890 నుంచి ఇరవై ఏళ్ళు కోర్టుల్లో పోరాడి ఆ మాట నిలబెట్టాడు. లేకపోతే ఈపాటికి అంతా బిల్డింగులే.

నేపర్‌విల్_పక్షి:
వార్డ్ కొట్లాడింది బిల్డింగుల మీద మేడమ్, నాలుగు రోజుల్లో తీసేసే స్టేజీల మీద కాదు. ఉచితం కావాలంటే మిలీనియం పార్క్‌లో బ్లూస్ ఫెస్టివల్ ఉంది, అక్కడే ప్రిట్జ్‌కర్ పెవిలియన్ అనే ఓపెన్ స్టేజీలో ఎండాకాలమంతా గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్ ఉంది, అది 1935 నుంచీ నడుస్తోంది, దుప్పటి పరుచుకుని గడ్డి మీద కూర్చోవచ్చు. ఆగస్టులో ఎయిర్ అండ్ వాటర్ షో ఉంది, బీచ్‌లో నిలబడి విమానాలు చూడొచ్చు. ఇన్ని ఉండగా ఒక్క లోలా మీద ఏడుపేంటి?

సౌత్‌లూప్_వాసి:
ఏడుపు అనకు. నువ్వు శనివారం వచ్చి సరస్సు దగ్గర ఫోటో దిగి సాయంత్రానికి మీ ఇంటి వెనక లాన్‌లోకి వెళ్ళిపోతావ్. మాకు లాన్ లేదు, పద్నాలుగో అంతస్తులో అపార్ట్‌మెంట్ ఉంది, కిటికీలు మూసినా రాత్రి పదింటిదాకా పాటల బేస్ చప్పుడు గోడల్లో కొడుతూనే ఉంటుంది. మా పిల్ల మంచం మీద చెవులు మూసుకుని పడుకుంటుంది. టాక్స్ ఇక్కడ కట్టేది మేము.

నేపర్‌విల్_పక్షి:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. సబర్బ్ వాళ్ళకి ఊళ్ళో హక్కు లేదంటావ్, అంతేగా? మా పిల్లాడు గత వేసవిలో అదే ఫెస్టివల్‌లో స్టాల్‌లో పని చేశాడు, వాడికి దొరికిన మొదటి జీతం అది. డౌన్‌టౌన్‌లో ఇల్లు కొనుక్కునేటప్పుడు ఎదురుగా ఏం జరుగుతుందో నీకు తెలుసు. నిశ్శబ్దం కావాలంటే నేపర్‌విల్ రా.

సౌత్‌లూప్_వాసి:
నేనెందుకు వెళ్ళాలి? వాళ్ళనే ఇంకో చోట పెట్టుకోమను, పెద్ద పార్కులు బోలెడున్నాయి.

డగ్లస్_దగ్గర:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా, ఈ మాటకి ఊరుకోలేను. ఇంకో చోట అంటే ఎక్కడండీ? రయట్ ఫెస్ట్ అని ఇంకో టికెట్ మ్యూజిక్ ఫెస్టివల్ హంబోల్ట్ పార్క్‌లో జరిగేది, 2014లో వానకి పార్కంతా బురదైతే అక్కడివాళ్ళు వద్దన్నారు, 2015లో తెచ్చి మా డగ్లస్ పార్క్‌లో పెట్టారు. ఇక్కడ ఉండేది ఎక్కువగా నల్లవాళ్ళు, మెక్సికన్లు. పక్కనే హాస్పిటల్ ఉంది. మా పిల్లలు సాకర్ ఆడే గ్రౌండ్ మూస్తారు. వద్దని ఏళ్ళ తరబడి మీటింగులకెళ్ళి అడిగాం. మీ కిటికీ దగ్గర చప్పుడు తగ్గితే అది మా కిటికీ దగ్గరికి వస్తుంది. మీరు అడగాల్సింది ఇంకో చోటికి మార్చమని కాదు.

లేక్‌గాలి:
మరేం అడగాలంటారు?

డగ్లస్_దగ్గర:
ఏ పార్కైనా సరే, చుట్టుపక్కల వాళ్ళని అడిగాకే ఒప్పందం రాయాలి. ఎండాకాలంలో ఎన్ని రోజులు కంచె వెయ్యొచ్చో ముందే హద్దు పెట్టాలి, కట్టే రోజులు, ఊడదీసే రోజులు అన్నీ కలిపి. అద్దె డబ్బులో కొంత అదే పార్కుకి ఖర్చు పెట్టాలి.

సౌత్‌లూప్_వాసి:
కట్టే రోజులు కలపాలన్నారు చూశావా పక్షీ. మార్చమన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను, మీ పార్క్‌కి అననుగానీ సోల్జర్ ఫీల్డ్ స్టేడియం ఉంది, దాని పార్కింగ్ లాట్లున్నాయి, అక్కడ గడ్డి పాడయ్యేది లేదు.

నేపర్‌విల్_పక్షి:
అక్కడ లక్ష మంది పట్టరు. హద్దు పెడితే నాకు అభ్యంతరం లేదు, షో మాత్రం గ్రాంట్ పార్క్‌లోనే ఉండాలి.

మెట్రా_జనం:
ఎక్కడ పెట్టినా ఆ రోజు రైళ్ళు ఎక్కువ వెయ్యమనండి.