‘ర్యాఁ న వా ప్లు’: తెలుగులో ఏమనాలి?

ఫ్రెంచి దర్శకుడు క్లోద్ షబ్రోల్ 1997లో తీసిన సినిమా పేరు ఇది. విక్టర్, బెట్టీ అనే మోసగాళ్ల జంటగా మిషెల్ సెరో, ఇజబెల్ ఉపేర్ నటించారు. ఇంగ్లీషు వాళ్లు ‘మోసం’ అని అర్థం వచ్చే పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. అసలు పేరు జూదశాలలో రులెట్ (తిరిగే చక్రంలో గోళీ వేసి ఆడే జూదం) బల్ల దగ్గర వినబడే కేక. ముందు ‘ఫెత్ వో జ’ అంటారు, పందేలు కాయమని. గోళీ నెమ్మదించే వేళకు ‘ర్యాఁ న వా ప్లు’ అంటారు, ఇక పందేలు తీసుకోము అని. మొదటి కేకకు మన ‘కాయ్ రాజా కాయ్’ ఉండనే ఉంది. రెండోదానికి ఏమనాలి? మామూలు మాటల్లో ఆ వాక్యానికే ‘అంతా అస్తవ్యస్తమైంది’ అనే అర్థం కూడా ఉంది. షబ్రోల్ రెండూ ఉద్దేశించాడనే నా నమ్మకం.

— ‘ఇక చెల్లవు’ అంటే సరిపోదా?

— చెల్లని నోట్లు గుర్తొస్తాయి. అస్తవ్యస్తం సంగతి అందులో రాదు.

— ‘ఇక సాగవు’ అని చూడండి. పందెమూ సాగదు, బతుకూ సాగదు. పైగా ‘నీ ఆటలు నా దగ్గర సాగవు’ అని టక్కరివాళ్లతో మనం అననే అంటాం. ఫ్రెంచి కేకలోని ‘జ’ అంటే కూడా ఆటలే కదా!

— బాగుంది. అయితే ‘ఆటలు సాగవు’లో బెదిరింపు ఉంది, ఎస్సై గొంతు వినిపిస్తుంది. జూదశాల ఉద్యోగి ఎవరినీ బెదిరించడు, ఎవరు గెలిచినా అతనికి ఒకటే. ‘ఆటలు’ తీసేసి ‘ఇక సాగదు’ అని వదిలేస్తే ఆ నిర్లిప్తత దక్కుతుంది.

— పేరు అలాగే కానివ్వండి. విక్టర్‌ను మాత్రం ‘కుచ్చుటోపీ పెట్టేవాడు’, ‘శఠగోపం పెట్టేవాడు’ అనకండి. ఆ మాటల్లో ఎదుటివాడు నిండా మునిగిన ధ్వని ఉంది. ఈ జంట పద్ధతి వేరు: మత్తుమందిచ్చి పడుకోబెట్టినా ఉన్నదంతా ఊడ్చుకుపోరు, అనుమానం రానంత మేరకే తీసుకుంటారు. దానికి ‘చేతివాటం’ అన్నదే సరైన మాట. బెట్టీ కన్ను యాభై లక్షల స్విస్ ఫ్రాంకుల మీద పడ్డాకే కథ చేతివాటం స్థాయి దాటుతుంది. అక్కడినుంచి ఎవరు ఎవరికి శఠగోపం పెడుతున్నారో సినిమా చూసి చెప్పండి.