కమ్యూనిటీ పోస్టింగ్: ఊళ్లోకి వెళ్లాక ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడో_ఏడాది_నర్సింగ్:

నమస్తే అందరికీ. బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది. వచ్చే నెల నుంచి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పరిధిలోని సబ్‌సెంటర్‌లో పోస్టింగ్. వార్డులో అయితే బెడ్డు నంబరు, కేస్ షీటు, డాక్టరు రాసిన ఆర్డరు ఉంటాయి. ఊళ్లో అవేవీ ఉండవు కదా. నిర్వచనాలన్నీ బట్టీ పట్టాను గానీ, ఒక గుమ్మం ముందు నిలబడ్డాక ఏం చెయ్యాలో తెలియట్లేదు. ఏ రోజు ఎవరింటికి వెళ్లాలో ఎలా తేల్చుకోవాలి? బ్యాగ్ టెక్నిక్ (ఇళ్లకి తీసుకెళ్లే నర్సు బ్యాగుని శుభ్రంగా వాడే పద్ధతి) నిజంగా పనికొస్తుందా, ప్రాక్టికల్ మార్కుల కోసమేనా? టీకాల రోజు మేం ముఖ్యంగా దేన్ని గమనించాలి?

పాత_పీహెచ్ఎన్:

వార్డులో మన దగ్గరికి వచ్చినవాళ్లకి చేస్తాం. సబ్‌సెంటర్‌లో రానివాళ్లెవరో ముందు కనిపెట్టాలి. అందుకే మొదటి రోజు బ్యాగు జోలికి పోకండి, రిజిస్టర్లు తియ్యండి.

ఒక లెక్క నేర్చుకోండి, పరీక్షలో కూడా అడుగుతారు. మైదాన ప్రాంతంలో సబ్‌సెంటర్‌కి 5,000 జనాభా, కొండ, ఏజెన్సీ ప్రాంతాల్లో 3,000 అన్నది పాత ప్రమాణం. మీ సెంటరు జనాభా 5,000, జననాల రేటు వెయ్యికి 16 అనుకుందాం. అంటే ఏడాదికి 80 మంది పిల్లలు పుట్టాలి. గర్భస్రావాలు, మృతశిశు జననాల కోసం మరో 10 శాతం కలిపితే 88. ఏడాది మొత్తమ్మీద నమోదు కావాల్సిన గర్భిణులు ఇంతమంది. ఏ రోజు లెక్క చూసినా అందులో సగం, అంటే 44 మంది దాకా రిజిస్టర్లో కనిపించాలి.

మీ రిజిస్టర్లో 27 మందే ఉన్నారనుకోండి. మిగతా 17 మంది ఎక్కడ? కొందరు మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్లుంటారు. కొందరు పట్నంలో ప్రైవేటుగా చూపించుకుంటూ ఇక్కడ చెప్పి ఉండరు. ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకున్న వలస కుటుంబాలు అసలు ఏ సర్వేలోనూ ఉండవు. నాలుగో నెల వచ్చేదాకా బయటపెట్టనివాళ్లూ ఉంటారు, వాళ్లు ఆశా దగ్గరున్న అర్హ దంపతుల (పిల్లలు కనే వయసులో ఉన్న జంటల) జాబితాలో నెలసరి తేదీలు చూస్తే దొరుకుతారు. ఆ 17 మందిని వెతకడమే మీ వారం పని. ఇది అంచనా మాత్రమే, చిన్న జనాభాలో అటూ ఇటూ అవుతుంది. అంకె సరిపోలేదని పేర్లు అల్లి రాసేయడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

ఇలాగే ఏడాదిలోపు పిల్లలకి, 30 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగర్ పరీక్షలకి కూడా 'ఉండాల్సినవాళ్లు ఎంతమంది, చేరినవాళ్లు ఎంతమంది' అని రాసుకోండి.

ఫీల్డ్_బ్యాగ్:

బ్యాగ్ టెక్నిక్ గురించి: పనికొస్తుంది. మార్కుల కోసం చేసేవాళ్లే దాన్ని నాటకంగా మార్చేశారు.

అంతకన్నా ముందు ఇళ్ల వరస. బాలింత, పురిటి బిడ్డ ఉన్న ఇల్లు ఎప్పుడూ మొదట. తర్వాత గర్భిణులు, ఆపైన బీపీ, షుగర్ వాళ్లు. కురుపులు, గజ్జి, దగ్గుతో ఉన్న టీబీ కేసు ఆఖర్న. వరస తిరగబడితే ఒక ఇంటి జబ్బుని మనమే చేతులతో, బట్టలతో ఇంకో ఇంటికి మోసుకెళ్తాం.

ఇంట్లో: బ్యాగు నేలమీద పెట్టొద్దు. బల్లో, అరుగో, మంచం అంచో, కోళ్లూ పిల్లలూ చేరని పొడి చోటు చూసి న్యూస్‌పేపర్ పరిచి దానిమీద పెట్టండి. సబ్బు, తువ్వాలు పై అరలోనే ఉండాలి. అడుగున ఉంటే వాటికోసం బ్యాగంతా కలియబెడతారు, అక్కడితో శుభ్రత పోయినట్టే. ఇంటివాళ్లని చెంబుతో నీళ్లు పొయ్యమని అడగండి, బకెట్లో చేతులు ముంచొద్దు. కడగడం 40 నుంచి 60 సెకన్లు. ఆ తర్వాత ఆ ఇంట్లో కావలసినవన్నీ ఒకేసారి బయటికి తీసి బ్యాగు మూసెయ్యండి. మధ్యలో ఏదైనా మర్చిపోతే మళ్లీ చేతులు కడుక్కున్నాకే బ్యాగు తెరవాలి. పని అయ్యాక థర్మామీటరుని స్పిరిట్ దూదితో తుడిచి, చేతులు కడిగి, వస్తువులు లోపల పెట్టి, బల్లకి తగిలిన వైపు లోపలికి వచ్చేలా పేపరు మడవండి. లాన్సెట్లు, సూదులు గుచ్చుకుపోని డబ్బాలో వేసి సెంటరుకి తెచ్చెయ్యాలి. వాళ్ల చెత్తబుట్టలో వేస్తే పిల్లల చేతికి దొరుకుతాయి. వివరాలు గుమ్మం దాటకముందే రాసుకోండి, నాలుగో ఇంటికెళ్లేసరికి ఎవరి బీపీ ఎవరిదో కలిసిపోతుంది.

ఆసుపత్రి కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్తుంది. ఇంటి కాన్పయితే మొదటి రోజు కూడా. మీరు ఆమె వెంట వెళ్లండి, తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. బిడ్డని పట్టుకోకముందే, నిద్రలో ఉండగానే, శ్వాస నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యడం పనికిరాదు, పసిబిడ్డ శ్వాస ఒక్క తీరుగా ఉండదు. రెండు నెలల్లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఆపైన ఉంటే ఇంకోసారి లెక్కించండి. మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికి. డొక్కలు లోపలికి లాగడం, పాలు తాగకపోవడం, చంకలో ఉష్ణోగ్రత 35.5 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ లేదా 37.5, ఆపైన ఉండడం, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడడం, వీటిలో ఏ ఒక్కటున్నా రేపటిదాకా ఆగొద్దు.

ఐస్‌ప్యాక్:

టీకాల సంగతి చెప్తాను. షెడ్యూలు ఎలాగూ గోడమీద ఉంటుంది. స్టూడెంట్లు గమనించాల్సింది ఐస్ ప్యాకులు.

డీప్ ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకుని గట్టి రాయిలా ఉండగానే టీకాలు మోసుకెళ్లే క్యారియర్లో పెట్టేస్తే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా), టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), హెపటైటిస్-బి లాంటివి గడ్డకట్టి పాడవుతాయి. బయటపెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి, అప్పుడు తుడిచి క్యారియర్లో పట్టే నాలుగు ప్యాకులూ పెట్టాలి. ఉదయం హడావిడిలో అందరూ వదిలేసే పని ఇదే. సీసామీది వీవీఎం (మందుకి వేడి సోకిందేమో చూపే గుర్తు) వేడి తగిలితేనే రంగు మారుతుంది. గడ్డకట్టి పాడైన మందుని అది పట్టుకోదు. వీవీఎం బాగుంది కదా అని ధీమా పడకండి, అనుమానముంటే షేక్ టెస్ట్ (సీసా ఊపి, మందు గడ్డకట్టి పాడైందేమో చూసే పరీక్ష) చేయించండి.

ఇక రెండు సంగతులు. బీసీజీ (టీబీ టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మందుని దాని ద్రావకంతో కలిపిన టైము సీసామీద రాయాలి, నాలుగు గంటలు దాటితే పారెయ్యాలి. వాటి ద్రావకం ఆ మందుతో వచ్చినదే వాడాలి. పెంటా, టీడీ లాంటి సీసాలు తెరిచాక నియమాల ప్రకారం భద్రంగా ఉంచితే 28 రోజులదాకా వాడొచ్చు, తెరిచిన తేదీ రాసుంటేనే. సూది వేశాక తల్లిని అరగంట కూర్చోబెట్టండి.

హెచ్‌బీ_చూద్దాం:

పాత పీహెచ్ఎన్ గారి లెక్క బాగుంది గానీ స్టూడెంట్లకి ఉండేవి కొద్ది వారాలే. రిజిస్టర్లతోపాటు మొదటి వారం నుంచే ఒక పని చేతికి తీసుకోండి. నా ఓటు రక్తహీనతకి.

హెచ్‌బీ (రక్తంలోని హిమోగ్లోబిన్) చూడడానికి ఉంగరం వేలి కొస పక్కన గుచ్చండి. స్పిరిట్ పూర్తిగా ఆరాక గుచ్చాలి, మొదటి చుక్క తుడిచెయ్యాలి, వేలు పిండకూడదు. పిండితే కణజాల ద్రవం కలిసి హెచ్‌బీ తక్కువ చూపిస్తుంది. గర్భిణికి హెచ్‌బీ 11 గ్రాముల (డెసిలీటరుకి) కన్నా తక్కువైతే రక్తహీనత, 7 కన్నా తక్కువైతే తీవ్రం, డాక్టరు దగ్గరికి పంపాలి.

ఐరన్ మాత్రలు 180 ఇచ్చినట్టు రిజిస్టర్లో ఉంటుంది. ఇచ్చినవి వేరు, మింగినవి వేరు. 'వేసుకుంటున్నావా అమ్మా?' అంటే అందరూ అవుననే అంటారు. 'ఖాళీ అట్టలు చూపించు తల్లీ' అనండి. మానేసినవాళ్లని మందలించకుండా ఎందుకో కనుక్కోండి: మలం నల్లగా రావడం, వికారం, మలబద్ధకం, 'బిడ్డ నల్లగా పుడుతుంది' అన్న అత్తగారి మాట. నల్ల మలం మామూలేనని ముందే చెప్తే సగం మంది మానరు. క్యాల్షియం పొద్దున, మధ్యాహ్నం తిండితో, ఐరన్ రాత్రి పడుకునేముందు అంటే గుర్తుంటుంది. రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు. ఐరన్ వేసుకుని వెంటనే టీ తాగితే మాత్ర దండగే.

మూడో_ఏడాది_నర్సింగ్:

అందరికీ థ్యాంక్స్. ఒక్క సందేహం. మొదటి టీకా సూదికి బిడ్డకి జ్వరం వచ్చిందని రెండోది వద్దంటే ఏం చెప్పాలి?

పాత_పీహెచ్ఎన్:

గుమ్మంలో వాదించకండి. ఆ జ్వరం ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్లుంది, ఫిట్స్ వచ్చాయా, ఒళ్లు వాచిందా, ఊపిరాడలేదా అని ముందు అడగండి. ఫిట్స్, ఊపిరాడకపోవడం లాంటివి జరిగుంటే రెండో డోసు మీరు నచ్చజెప్పే సంగతి కాదు, మెడికల్ ఆఫీసరు తేల్చాలి. మామూలు జ్వరమే అయితే అది ఒకటి రెండు రోజుల్లో తగ్గేదని, పారాసెటమాల్ డోసు బిడ్డ బరువునిబట్టి రాసిస్తారని, కొద్దిపాటి జలుబు, దగ్గు ఉన్నా సూది వెయ్యొచ్చని చెప్పండి. ఇంట్లో నిర్ణయం ఎవరిదో కనుక్కుని, వాళ్లున్నప్పుడే వెళ్లండి. కోడలితో గంటసేపు మాట్లాడి వచ్చాక సాయంత్రం నాయనమ్మ వద్దంటే మళ్లీ మొదటికే. అప్పటికీ ఒప్పుకోకపోతే డ్యూ లిస్టులోంచి (టీకా వెయ్యాల్సినవాళ్ల జాబితా) ఆ పేరు తీసెయ్యకండి, పక్కన కారణం రాసి వచ్చే సెషనుకి మళ్లీ పిలవండి.