కోరంగిలో సాయంత్రం బోటు ఎన్ని గంటలకు ఎక్కాలి?

గోదారిగట్టు
డిసెంబర్ ఆఖర్లో కాకినాడ అత్తగారింటికి వెళ్తున్నాం. ఒక సాయంత్రం కోరంగి మడ అడవుల్లో బోటెక్కి సూర్యాస్తమయం చూసి రావాలని ఉంది. మా నాన్నగారు (68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), ఏడో క్లాసు చదివే మా పాప కూడా వస్తారు. పాపకి నీటికుక్కలను చూడాలని ఒకటే ఆశ. పోయినసారి మిట్టమధ్యాహ్నం వెళ్తే ఎండ తప్ప ఏమీ కనబడలేదు, పాపం ఏడుపుమొహంతో వచ్చింది. ఈసారి అలా కాకూడదు, తెలిసినవాళ్లు చెప్పండి.

తాళ్లరేవు వాసి
గడియారం తర్వాత అండీ, ముందు పోటుపాట్లు (సముద్రపు నీరు ఎక్కడం, తీయడం) చూసుకోండి. నీరు నిండుగా ఉంటే రెండు పక్కలా పచ్చటి గోడలా చెట్లే కనబడతాయి, ఇంకేమీ ఉండదు. నీరు తీయడం మొదలైతే ఒడ్డున బురద బయటపడి, ఊపిరి వేర్లు తేలి, పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు బయటికొస్తాయి, వాటి కోసం కొంగలు, లకుముకి పిట్టలు దిగుతాయి, అదృష్టం ఉంటే నీటికుక్కలూ ఆ ఒడ్డు వెంటే కనబడతాయి. అలాగని మరీ తగ్గిపోతే సన్న కాలవల్లోకి బోటు పోదు. పోటు నిండి తగ్గడం మొదలైన మొదటి రెండు గంటలు మంచివి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పోయిన వారం వెళ్లినవాళ్లు చెప్పిన టైము నమ్ముకోకండి.

ఇంకోటి, మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలో కాదు, చెట్ల వెనక దిగుతాడు. డిసెంబర్లో 5:30 ప్రాంతంలోనే అయిపోతుంది. నాకైతే ఆ వెలుగు తిల్ల చెట్ల ఎర్రబడిన ఆకుల మీద పడటమే అన్నిటికన్నా ఇష్టం. పాపని మాత్రం ఆ కొమ్మలు తుంచనివ్వకండి, తిల్ల పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

ఉప్పుటేరు
పై మాట నిజం. రెండేళ్ల క్రితం మేం ఒక ప్రైవేటు బోటులో ఆలస్యంగా బయల్దేరాం, నీరు తగ్గిపోయి బురదలో కూరుకుపోయాం, మళ్లీ నీరు ఎక్కేదాకా చీకట్లో దోమల మధ్య కూర్చున్నాం, మా అమ్మకి ఒకటే టెన్షన్. అందుకే ఆఖరి బోటు ఎప్పుడో గేటు దగ్గరే అడిగి, దానికంటే ముందుది ఎక్కండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కనే వద్దు. నాన్నగారు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోండి, మెట్లు తడిగా ఉంటాయి.

పిట్టలపిచ్చి
డిసెంబర్ అంటే వలస పక్షులు కూడా ఉంటాయి, బైనాక్యులర్ తప్పకుండా పట్టుకెళ్లండి. కోరంగికి పేరు తెచ్చిన బావురుపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి) మాత్రం ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, అది కనబడలేదని పాప బాధపడకుండా ముందే చెప్పండి. డ్రైవర్‌ని మధ్యలో ఒక పది నిమిషాలు ఇంజన్ ఆపమని అడగండి. మోత ఆగితే పిట్టలు వాటంతటవే బయటికొస్తాయి, మేం నీటికుక్కల్ని చూసింది అలాంటప్పుడే.

గోదారిగట్టు
ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. 28న మధ్యాహ్నం పోటు ఎప్పుడు నిండుతుందో మా బావగారిని కనుక్కోమన్నాను, ఆయనకి అక్కడ చేపలు పట్టేవాళ్లు తెలుసు. అది కుదరకపోతే 29 చూస్తాం.