సెప్టెంబరులో అమెరికా రెసిడెన్సీకి (ఆస్పత్రిలో పీజీ డాక్టరు శిక్షణకి) అప్లై చేయాలంటే స్టెప్ 2 సీకే ఎప్పటికి రాయాలి?

ప్రశ్న:
గుంటూరు వైపు కాలేజీలో ఎంబీబీఎస్, 2023లో ఇంటర్న్‌షిప్ పూర్తయింది. అమెరికా మెడికల్ లైసెన్సు పరీక్షల్లో మొదటిది, స్టెప్ 1 పాస్. తర్వాతి స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్) ఆగస్టు చివర్లో రాసి, వెంటనే ఇంటర్నల్ మెడిసిన్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. సరిపోతుందా? పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీలో ఇనిషియల్ మాత్రమే. ఇబ్బందా? 200 ప్రోగ్రాములకు (రెసిడెన్సీ ఇచ్చే ఆస్పత్రులకు) వేయమంటున్నారు, నిజంగా అవసరమా?

జవాబు 1:
ఆగస్టు చివర వద్దండి. స్కోరు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు, బుధవారం నాడు వస్తుంది. ప్రోగ్రాములు సెప్టెంబరు చివరి వారంలో అప్లికేషన్లు తెరుస్తాయి. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కి అంకె లేదు, పాసో ఫెయిలో అంతే. కాబట్టి వడపోతకు వాళ్ల దగ్గరున్న స్కోరు సీకే ఒక్కటే. అది లేకుండా తెరుచుకున్న అప్లికేషన్‌ని తర్వాత మళ్లీ చూస్తారన్న భరోసా లేదు. జులై మధ్య దాటనీయకండి.

అలాగని తొందరపడి రాసేయకండి. పాసైన పరీక్షని స్కోరు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. ఫెయిలైతే అది ట్రాన్స్‌క్రిప్టులో ఉండిపోతుంది. పాస్ మార్కు 2025 జులై నుంచి 218, కానీ ఆ మార్కుతో ఇంటర్వ్యూలు రావడం కష్టం. ప్రాక్టీసు పరీక్షల్లో అనుకున్న స్కోరు రాకపోతే ఈ ఏడాది వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

ఓఈటీ మెడిసిన్ (డాక్టర్ల ఇంగ్లిషు పరీక్ష) మరిచిపోతారేమో: లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300, అన్నీ ఒకే సిట్టింగ్‌లో రావాలి.

జవాబు 2:
పేరు సంగతి ఈరోజే చూసుకోండి. మన తెలుగువాళ్లలో చాలామందికి ఇదే తంటా. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, కొందరికి సర్‌నేమ్ గడే ఖాళీ. ఈసీఎఫ్ఎంజీ (విదేశాల్లో చదివిన డాక్టర్ల పట్టాలను ధ్రువీకరించే అమెరికా సంస్థ) రికార్డులో పాస్‌పోర్టు పేరే ఉంచండి. డిగ్రీలో తేడా ఉంటే ఆ రెండు పేర్లూ ఒకరివేనని చూపే అధికారిక పత్రం అడుగుతారు. అడిగేదాకా ఆగకుండా సిద్ధం చేసుకోండి. షెడ్యూలింగ్ పర్మిట్‌లో (హాల్‌టికెట్ లాంటిది) పేరు పాస్‌పోర్టుతో సరిపోకపోతే ప్రోమెట్రిక్ పరీక్షా సెంటర్లో లోపలికే రానివ్వరు.

డిగ్రీ వెరిఫికేషన్ మీ కాలేజీకే వెళ్తుంది. అకడమిక్ సెక్షన్‌లో అది ఎవరి బల్ల మీద ఉందో కనుక్కుని వెంటపడాలి, తనంతట తాను కదలదు. విజయవాడ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్‌గా మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. ఫారాల్లో మీ పట్టా మీద అచ్చయిన పేరే రాయండి. డీన్ లెటర్ (మీ చదువు, పనితీరు గురించి కాలేజీ ఇచ్చే ఉత్తరం) అంటే మన కాలేజీల్లో చాలాచోట్ల తెలియదు. ముసాయిదా మీరే తయారుచేసి ఇస్తే ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద సంతకం చేస్తారు.

జవాబు 3:
200 అనేది భయంతో పుట్టిన అంకె. ఈరాస్‌లో (రెసిడెన్సీకి ఆన్‌లైన్‌లో అప్లై చేసే వ్యవస్థ) 2024-25 నుంచి ఒక స్పెషాలిటీకి మొదటి 30 అప్లికేషన్లు 11 డాలర్ల చొప్పున, 31వది మొదలు ఒక్కోటి 30 డాలర్లు. అంటే 200కి 330 + 5,100 = 5,430 డాలర్లు. అందులో వీసా ఇవ్వని ప్రోగ్రాములు, పట్టా వచ్చి ఐదేళ్లు దాటితే తీసుకోనివి ఎన్నో ఉంటాయి. ఒక్కో ప్రోగ్రాం వెబ్‌సైటు తెరిచి వీసా, పాసైన సంవత్సరం, పరీక్ష ప్రయత్నాల నిబంధన చూసి కుదరనివి కొట్టేయండి. ఇంటర్నల్ మెడిసిన్‌కి 15 సిగ్నల్స్ (మీ ప్రోగ్రాం మీద నాకు ప్రత్యేక ఆసక్తి ఉందని తెలిపే గుర్తులు) ఉంటాయి, 3 గోల్డ్, 12 సిల్వర్. పేరున్న చోట్ల వృథా చేయకుండా, మన దేశం గ్రాడ్యుయేట్లు ఇప్పటికే రెసిడెంట్లుగా ఉన్న ప్రోగ్రాములకు పంపండి.

ఎల్ఓఆర్‌లు (డాక్టర్లు ఇచ్చే సిఫారసు ఉత్తరాలు) ఒక్కో ప్రోగ్రాంకి నాలుగు దాకా పెట్టొచ్చు. లెటర్ ఐడీ ఉన్న రిక్వెస్ట్ ఫారం డాక్టరుకి పంపితే, అప్‌లోడ్ వాళ్ల వైపు నుంచే జరగాలి. జులైలోనే పంపండి, సెప్టెంబరులో గుర్తుచేస్తే సెలవులో ఉంటారు. ఉత్తరాన్ని మీరు చూసే హక్కు వదులుకుంటున్నట్టు టిక్ పెట్టకపోతే దాన్ని అనుమానంగా చూస్తారు.

ప్రశ్న (మళ్లీ):
ధన్యవాదాలండి. హెచ్-1బి వర్క్ వీసా కోసం చివరి పరీక్ష స్టెప్ 3 కూడా ముందే రాయాలా?

జవాబు 1:
హెచ్-1బి కావాలంటే తప్పదు. అయితే స్టెప్ 3కి ముందు ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ ఉండాలి, పరీక్ష అమెరికాలోనే రాయాలి. పైగా 2025 సెప్టెంబరు ఉత్తర్వుతో, దేశం బయట ఉన్నవారి కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఆస్పత్రులు వెనకాడతాయి. మీరు జె-1 (ఎక్స్చేంజ్) వీసానే ప్రధానంగా పెట్టుకోండి. దానికి ఢిల్లీలోని కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ శిక్షణ పొందిన డాక్టర్లు మన దేశానికి అవసరమని చెప్పే పత్రం) కావాలి. మార్చిలో మ్యాచ్ (సీటు కేటాయింపు) అయిన వారమే ఆ పని మొదలుపెట్టండి.