పండ్ల వాసన టీలు, హెర్బల్ ఇన్‌ఫ్యూజన్లు: ఆరు రకాలు పక్కపక్కన పెట్టి రుచి చూడాలంటే ఎలా కాచాలి?

కప్పు_సాసరు:
ఈ ఆదివారం ఇంట్లో ఆరుగురం కూర్చుని కొన్ని టీల రుచి పోల్చి చూడాలనుకుంటున్నాం. దగ్గరున్నవి ఇవి: ఎర్ల్ గ్రే (బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు వాసన పట్టించిన బ్లాక్ టీ), మల్లెపూల గ్రీన్ టీ, పీచ్ బ్లాక్ టీ, స్ట్రాబెర్రీ-మందారం ఇన్‌ఫ్యూజన్ (టీ ఆకు లేని ఎండు పండ్లు, పూల మిశ్రమం), మామిడి-యాపిల్ ఇన్‌ఫ్యూజన్, పుదీనా-నిమ్మగడ్డి. అన్నీ విడి ఆకే, టీ బ్యాగులు కావు.

ప్రస్తుతం మామూలు టీలాగే గిన్నెలో నీళ్లు మరిగించి, కప్పుకు ఒక చెంచా చొప్పున వేసి, రెండు పొంగులు రానిచ్చి వడకడుతున్నాం. ప్యాకెట్ విప్పగానే గుప్పుమనే పీచ్ వాసన కప్పులోకి రావడం లేదు. గ్రీన్ టీ చేదెక్కుతోంది. పండ్లవి రెండూ పేరుకే వేరు, నోట్లో పెట్టుకుంటే ఒకటే పులుపు. పైగా స్ట్రాబెర్రీది బోరు నీళ్లతో కాస్తే వంకాయ రంగులో, ఆర్‌ఓ నీళ్లతో కాస్తే చక్కటి ఎరుపులో వస్తోంది. ఏ నీళ్లు వాడాలి? ఎంత ఆకు, ఎన్ని నిమిషాలు, ఏ వరుసలో తాగాలి?

ఆకు_తూకం:
ముందు ఆ గిన్నె పక్కన పెట్టేయండి. పాల టీకి సీటీసీ పొడిని (మనం రోజూ వాడే గుళికల్లాంటి టీ పొడి) మరిగించడం సరైన పద్ధతే, పాలు, పంచదార పడ్డా నిలబడే చిక్కదనం దానికి కావాలి. ఫ్లేవర్ టీని అలా మరిగిస్తే వాసనంతా ఆవిరితో పోయి వంటిల్లు ఘుమఘుమలాడుతుంది, కప్పు చప్పగా మిగులుతుంది. కలిపిన ఫ్లేవర్ ఆకు పైపైనే పట్టి ఉంటుంది కాబట్టి వేడి నీళ్లు తగిలీ తగలగానే బయటికొస్తుంది. అందుకే స్టవ్ ఆపాక, మూత ఉన్న గాజు లేదా పింగాణీ పాత్రలో ఆకు వేసి, దాని మీద నీళ్లు పోసి వెంటనే మూత పెట్టాలి. టైమ్ అయ్యాక మూత ఎత్తి, దాని లోపల పట్టిన చెమ్మ వాసన ముందు చూడండి. తర్వాత వడకట్టిన తడి ఆకు వాసన, ఆఖరున కప్పు. పీచ్ వాసన మూత మీద గట్టిగా ఉండి కప్పులో లేకపోతే తప్పు కాచడంలో లేదు, ఫ్లేవరే అంతవరకు ఉంది.

చెంచా కొలత మాత్రం అస్సలు నమ్మొద్దు. ఎండు పుదీనా చెంచాడు 1 గ్రాము తూగడమే కష్టం, యాపిల్ ముక్కల మిశ్రమం అదే చెంచాకు మూడు నాలుగు గ్రాములు వస్తుంది. 0.1 గ్రాము వరకు చూపే చిన్న తూకం కొనుక్కుంటే సగం సమస్యలు అక్కడే తీరతాయి.

ఆరుగురికి తలా 40 మి.లీ. చొప్పున 240 మి.లీ. కావాలి. ఆకు పీల్చుకునేది కూడా కలుపుకుని ఒక్కో రకానికి 300 మి.లీ. నీళ్లు పెట్టుకోండి.

ఎర్ల్ గ్రే, పీచ్: 6 గ్రాములు, అప్పుడే మరిగిన నీళ్లు, 4 నిమిషాలు.
మల్లె గ్రీన్ టీ: 6 గ్రాములు, 80 డిగ్రీలు, 2 నిమిషాలు. రెండున్నర దాటనివ్వొద్దు.
పండ్ల మిశ్రమాలు: 9 గ్రాములు, సలసల మరిగే నీళ్లు, 8 నుంచి 10 నిమిషాలు. ఎండు పండు ముక్క మెత్తబడి రసం వదలడానికి అంత సేపు పడుతుంది.
పుదీనా-నిమ్మగడ్డి: 5 గ్రాములు, మరిగే నీళ్లు, 6 నిమిషాలు.

థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లు మూడు వంతులు, గది వేడిలో ఉన్న తాగే నీళ్లు ఒక వంతు కలపండి. 82 డిగ్రీల దగ్గరకు వస్తుంది, పాత్ర మరో రెండు మూడు డిగ్రీలు లాగేస్తుంది. చన్నీళ్లు కలిపాకే ఆకు మీద పోయాలి. ముందు వేడివి పోసి తర్వాత చల్లార్చితే ఆకు అప్పటికే కమిలిపోయి ఉంటుంది. మీ గ్రీన్ టీ చేదుకు కారణం అదే: మరిగే వేడిలో కెటెకిన్లూ (ఆకులోని చేదు, వగరు పదార్థాలు) కెఫీనూ ఒక్కసారిగా దిగిపోతాయి.

ఎర్ర_తొడుగు:
రంగు, పులుపు సంగతి నేను చెబుతాను.

ఆ ప్యాకెట్ మీద మందారం అని రాసి ఉన్నా అది మనం పూజకు కోసే మందారం కాదు, గోంగూర జాతి మొక్క. రొసెల్ అంటారు, శాస్త్రీయంగా హైబిస్కస్ సబ్‌డారిఫా. పువ్వు వాడిపోయాక కాయ చుట్టూ ఉబ్బే కండగల ఎర్రటి తొడుగును ఎండబెట్టి వాడతారు. సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు అందులో దండిగా ఉంటాయి. చవకగా దొరుకుతుంది, రంగు బాగా ఇస్తుంది, అందుకే ఏ పండు పేరున్న మిశ్రమంలోనైనా ఇదే ఎక్కువగా పోస్తారు. మీ రెండు రకాలూ ఒకేలా ఉండడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

నిర్ధారించుకోవడం తేలిక. రెండు చెంచాల మిశ్రమం తెల్ల ప్లేటులో పోసి చేత్తో వేరు చేయండి. ముదురు ఎరుపులో తోలులా ముడతలు పడ్డవి రొసెల్. లేత పసుపు చదరపు ముక్కలు యాపిల్. నారింజ-ఎరుపు గట్టి పెంకులు రోజ్‌హిప్ (అడవి గులాబీ కాయ). ఇక మామిడి, స్ట్రాబెర్రీ వెతకండి. చాలా ప్యాకెట్లలో రెండు మూడు పలుకులకు మించి కనబడవు. ఆ పలుకుల్లోంచి పది నిమిషాల్లో దిగే రుచి బహు తక్కువ, మీకు తెలిసే మామిడి అంతా కలిపిన ఫ్లేవర్ నుంచి వచ్చేదే. లేబుల్ మీద పదార్థాలు బరువులో ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కాబట్టి మొదటి రెండు పేర్లు చదివితే కప్పు ఎలా ఉండబోతోందో ముందే తెలిసిపోతుంది.

పులుపు తగ్గించాలని నానబెట్టే సమయం కోస్తే లాభం లేదు. రొసెల్ మొదటి మూడు నాలుగు నిమిషాల్లోనే రంగూ పులుపూ చాలావరకు వదిలేస్తుంది, వెనకబడేది యాపిలే. తొందరగా వడకడితే పులుపు ఉంటుంది, పండు ఉండదు. అందుకని ఆ ఎర్ర ముక్కలు సగం ఏరేసి, మిగిలినది పూర్తి సమయం నానబెట్టండి. ఏరిన వాటిలో 1 గ్రాము విడిగా 100 మి.లీ. నీళ్లలో కాచి ఒక కప్పులో ఉంచుకోండి. అందరూ ముందు అది ఒక గుక్క తాగితే, తర్వాతి కప్పుల్లో రొసెల్ ఎంతో, పండు ఎంతో నాలుక తేలిగ్గా విడదీస్తుంది.

నీళ్ల విషయం. రొసెల్‌కు ఎరుపునిచ్చేవి ఆంథోసయనిన్లు. పులుపులో ఎర్రగా ఉంటాయి, క్షారం తగిలే కొద్దీ ఊదా, ఆపై నీలం వైపు వెళ్తాయి. బోరు నీళ్లలో ఉండే బైకార్బొనేట్లు పులుపును విరిచేయడంతో మీకు వంకాయ రంగు వచ్చింది. రంగు ఒక్కటే కాదు, రుచి కూడా చదునైపోతుంది. అవే నీళ్లు బ్లాక్ టీని మసకబార్చి పైన పొర కట్టిస్తాయి. అలాగని టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 20, 30 చూపించే ఆర్‌ఓ నీళ్లూ మంచివి కావు, వాటితో బ్లాక్ టీ పదునుగా, డొల్లగా వస్తుంది. 50 నుంచి 150 మధ్య ఉంటే సుఖం. ఉదాహరణకు ఆర్‌ఓ 30, బోరు 600 ఉంటే తొమ్మిది వంతులకు ఒక వంతు కలిపితే 87 వస్తుంది. కానీ నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో బోరు నీళ్లు కలపవద్దు. మరిగించినా ఫ్లోరైడ్ పోదు. సీసా నీళ్లు వాడండి. ఆరు రకాలకూ ఒకే నీళ్లు వాడడం మాత్రం తప్పనిసరి.

కప్పు_సాసరు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. ప్లేటులో పోసి ఏరి చూశాం. మామిడి-యాపిల్‌లో సగానికి పైగా ఎర్ర తొడుగులే, మామిడి రెండే ముక్కలు. ఇంకో మూడు అడగాలి. వరుస ఎలా పెట్టాలి? పాలు కావాలనే వాళ్లు ఇద్దరున్నారు, ఏ టీలో పోయొచ్చు? వచ్చేవారిలో ఒకరు బీపీ మాత్రలు వాడుతున్నారు, ఇబ్బందేమైనా ఉందా?

ముక్కు_నాలుక:
వరుస: మల్లె, పీచ్, ఎర్ల్ గ్రే, మామిడి-యాపిల్, స్ట్రాబెర్రీ, చివరికి పుదీనా. సున్నితమైన వాసన ముందు, పులుపు తర్వాత, మెంథాల్ ఆఖరున. మెంథాల్ నోట్లో చల్లదనాన్ని గుర్తించే నాడులను తట్టిలేపుతుంది. దాని తర్వాత ఇంకేది తాగినా కాసేపటి వరకు సరిగ్గా తెలియదు. కప్పుకీ కప్పుకీ మధ్య గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి, ఉప్పులేని మరమరాలు నాలుగు నమిలి, రెండు నిమిషాలు ఆగండి.

ఉదయం పదకొండు ప్రాంతంలో పెట్టుకుంటే మంచిది. టిఫిన్‌లో ఆవకాయ, కాఫీ తగిలి ఉంటే రెండు గంటలు ఎడం ఇవ్వండి. ఆ గదిలో అగరుబత్తి వద్దు, పక్కన వంటింట్లో ఇంగువ పోపు వద్దు, తలలో మల్లెపూలు అసలే వద్దు. మల్లె టీ వాసన ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ తేలదు.

అసలు రుచి చూసే తీరు. సలసల కాగేది నోట్లో పోసుకోకండి, 60 డిగ్రీలకు దిగనివ్వండి. చెంచాతో తీసుకుని చప్పుడు వచ్చేలా జుర్రండి. మర్యాద కాదనిపించినా ఇక్కడ అదే పద్ధతి: ద్రవం తుంపరగా మారి ఆ వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది.

ఇంకొకటి తప్పకుండా చేయించండి. పీచ్ టీ ఇచ్చేటప్పుడు అందరినీ ముక్కు గట్టిగా మూసుకోమనండి. ఒక గుక్క నోట్లో పెట్టుకుని అయిదు సెకన్లు ఉంచాలి. కాస్త చేదు, వగరు తప్ప ఏమీ తెలియదు, ఏ పండో చెప్పమన్నా చెప్పలేరు. మింగి ముక్కు వదలగానే పీచ్ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. నాలుకకు పీచ్ అనే రుచి లేదు, అది మొత్తం ముక్కు పనే. ముక్కు మూసుకున్నప్పుడు తెలిసేది టీ నాణ్యత, వదిలాక తెలిసేది ఫ్లేవర్ నాణ్యత. రెండింటికీ విడివిడిగా మార్కులు వేయమనండి. చాలా ఫ్లేవర్ టీల్లో రెండోది బాగుండి మొదటిది తేలిపోతుంది, నాసి ఆకును దాచడానికి వాసన పనికొస్తుంది కదా.

వగరును పులుపుతో, చేదుతో కలిపి రాయనివ్వకండి. బుగ్గల లోపల ఎండిపోయి పట్టేసినట్టుంటే వగరు. టీ పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల వస్తుంది, బ్లాక్ టీలో అది ఉండాలి కూడా. ప్రతి కప్పూ చల్లారాక ఇంకోసారి తాగి చూడండి. వేడిలో బాగున్న పండు వాసన చల్లారాక సబ్బులాగా, సెంటులాగా అనిపిస్తే ఫ్లేవర్ మోతాదు మించిందని అర్థం.

పాలు ఎర్ల్ గ్రేలో పోయొచ్చు, బెర్గమాట్ వాసన కాస్త అణుగుతుంది. పీచ్‌లో పోస్తే పండు కనబడకుండా పోతుంది. రొసెల్ ఉన్న వాటిలో వద్దే వద్దు. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 4.6 దగ్గర విరుగుతుంది, రొసెల్ నీళ్ల పులుపు దానికంటే చాలా ఎక్కువ. పోసీ పోయగానే ముక్కలవుతుంది. పండ్ల వాటికి పంచదార వేసి చూడండి: 200 మి.లీ.కి ఒక సమంగా తీసిన చెంచా. తీపి తగిలితే మెదడు అదే వాసనను పండుగా ఇంకా గట్టిగా గుర్తిస్తుంది. ఒక కప్పు వేసి, ఒకటి వేయకుండా పక్కపక్కన ఇవ్వండి.

బీపీ సంగతి: రొసెల్ రక్తపోటును కొంత తగ్గిస్తుందని అధ్యయనాల్లో తేలింది. మాత్రలు వాడేవారు 40 మి.లీ. రుచి చూడడం వేరు, రోజూ కప్పులు కప్పులు తాగడం వేరు. రోజూ తాగాలనుకుంటే డాక్టర్‌ను అడగాలి, గర్భిణులు కూడా అంతే. లేబుల్‌లో అతిమధురం ఉందేమో కూడా చూడండి. అది ఎక్కువైతే దీనికి విరుద్ధంగా బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. పంచదార లేకుండానే తియ్యగా ఉందంటే ముందు దాన్నే అనుమానించాలి.

రెండో_కోత:
ఆకు_తూకం గారి కొలతలు తాగడానికి చక్కగా ఉన్నాయి. పోల్చడానికి మాత్రం ఒక్కో టీకి ఒక్కో సమయం పెడితే లోపాలు దాక్కుంటాయి. టీ రుచి పరీక్షకు ఎలా కాచాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3103 100 మి.లీ. మరిగే నీళ్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు అంటుంది. అది రుచి కోసం పెట్టింది కాదు, ఆకును నిలదీయడానికి పెట్టింది. పీచ్, ఎర్ల్ గ్రేలను ఒక చిన్న కప్పు ఆ లెక్కన కూడా కాచి చూడండి. ఆకు మంచిదైతే ఘాటుగా ఉన్నా శుభ్రంగా ఉంటుంది, నాసిదైతే మాడు, చెక్క రుచి బయటపడుతుంది.

మల్లె టీలో పూరేకులు ఎక్కువ కనబడితే గొప్ప అనుకోకండి. చైనాలో ఫుజియాన్, గువాంగ్‌షీ ప్రాంతాల్లో పాత పద్ధతి ఇలా ఉంటుంది: మధ్యాహ్నం కోసిన మొగ్గలు రాత్రి విచ్చుకుంటుండగా గ్రీన్ టీతో కలిపి ఉంచుతారు. ఆకు వాసన పీల్చుకున్నాక పూలు జల్లెడ పట్టి తీసేసి, ఆకును ఆరబెట్టి, మళ్లీ కొత్త పూలతో అదే చేస్తారు. మంచి రకాలకు ఇది చాలాసార్లు జరుగుతుంది. వాడేసిన పూలకు వాసన మిగలదు కాబట్టి రేకులు అలంకారమే. తేడా తెలియాలంటే అదే ఆకును రెండోసారి కాయండి. పూలతో వాసన పట్టించినదైతే రెండో కప్పులోనూ మల్లె నిలుస్తుంది, పైన చల్లినదైతే మొదటి కప్పుతోనే అయిపోతుంది.

వీలైతే ఏ ఫ్లేవరూ కలపని డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ (ఏడాదిలో రెండో విడత కోత) టీ ఒకటి మల్లె తర్వాత పెట్టండి. మే, జూన్‌లలో పచ్చదోమ కొరికిన ఆకు తనంతట తయారుచేసుకునే వాసన వల్ల అందులో ద్రాక్షపండు ఛాయ వస్తుంది. పండు కలపకుండా వచ్చిన పండు వాసన అది. వెంటనే పీచ్ టీ తాగితే కలిపిన ఫ్లేవర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

ఆకు_తూకం:
6 నిమిషాల కప్పు విషయంలో ఒప్పుకుంటున్నాను. బ్లాక్ టీలకు పెట్టండి, మల్లెకు వద్దు.

పాత్రల గురించి రాయడం మరిచాను. ప్లాస్టిక్ జాలి, రబ్బరు వాషరు ఉన్న ఫ్లాస్క్ వాడకండి, పుదీనా ఒక్కసారి పట్టిందంటే వదలదు. స్టీలు జాలి చాలు. రకం మారేటప్పుడు పాత్రను వేడినీళ్లతో తొలచండి. ముందు రోజు రాత్రి లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేసి పాత్ర, జాలి అరగంట నానబెట్టి బాగా కడిగితే పాత టీ మరక, వాసన పోతాయి.

మిగిలిన పండ్ల మిశ్రమంతో ఐస్ టీ చేయాలనుకుంటే ఆకు రెట్టింపు వేసి, మరిగే నీళ్లతోనే కాచి చల్లార్చండి. ఎండు మూలికల మీద సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది కాబట్టి నేరుగా చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టడం మంచిది కాదు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో తాగేయండి.